లింక్ పంపినా ఆ ఆడవాళ్ళు గొంతు విప్పట్లేదు, నేనేం చెయ్యాలి?

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్ద ఉత్తరం, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి ముఖ్యమైనవి మాత్రం చెప్తున్నా.

ఆవిడకి ముప్పై దాటాయి, పెళ్ళయింది, ఒక పాప. పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నారు. మిర్చి కోల్డ్ స్టోరేజీల దగ్గర, యార్డు చుట్టుపక్కల గోడౌన్లలో తొడిమలు తీసే, తాలు కాయలు ఏరే ఆడకూలీల మీద రిసెర్చ్. వాళ్ళ ఆరోగ్యం, కూలి, పని చోట పడే ఇబ్బందులు, ఇవీ ఆవిడ అడగాలనుకున్నవి. చాలామందికి రాయడం రాదు కాబట్టి టైప్ చెయ్యమంటే కుదరదు, అందుకని ఆన్‌లైన్ ఫారంలో మైక్ బటన్ పెట్టారు, ప్రశ్న చూసి బటన్ నొక్కి మాట్లాడితే చాలు. మొత్తం 5 ప్రశ్నలు, అన్నీ మాట్లాడే చెప్పాలి. చివర్లో 50 రూపాయల రీఛార్జి కోసం ఫోన్ నంబర్. ఇంతమంది ఆడవాళ్ళ నంబర్లు తన దగ్గర లేవు కాబట్టి కూలీల్ని పనికి కుదిర్చే ముగ్గురు ముఠా మేస్త్రీలని బతిమాలి వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో లింక్ పెట్టించారు.

మూడొందల మందికి పైగా లింక్ చేరితే గొంతు పంపింది నలభై మంది. అందులో కూడా కొన్ని ఖాళీ, కొన్నిట్లో "వినపడతందా?" అని ఆగిపోయింది, కొన్నిట్లో వెనక టీవీ, కొన్నిట్లో ఆడమనిషి మొదలుపెడితే మగమనిషి అందుకుని జవాబు చెప్పాడు. ఒక రికార్డింగ్‌లో మాత్రం ఒకామె చాలా మెల్లగా, మేస్త్రి తనతో ఎలా ప్రవర్తిస్తున్నాడో చెప్పుకొచ్చింది. అది విన్నప్పటి నుంచి ఈవిడకి నిద్ర పట్టట్లేదంట.

ఇంకో పక్క గైడ్ ఒత్తిడి. "ఆ వాయిస్ గోల తీసేసి టెక్స్ట్ బాక్సులు పెట్టు, కుర్రాళ్ళతో నింపించు, టైం అయిపోతోంది" అంటున్నారు. ఉన్న రికార్డింగులేమో తనకి తెలిసినవాళ్ళ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇచ్చేస్తే, వాళ్ళు తెలుగు మాటని అక్షరాల్లోకి మార్చే ప్రోగ్రాం తయారుచేస్తున్నారు కాబట్టి ఫ్రీగా ట్రాన్స్‌క్రిప్షన్ చేసి పెడతారని కూడా చెప్పారు. ఇంట్లో భర్త "ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ మన ఫోన్లో ఎందుకు, రేపు పోలీస్ కేసైతే ఎవరు చూస్తారు" అంటున్నాడు. "మేడం, నేను ఎంచుకున్న పద్ధతే తప్పా? వాయిస్ వదిలేయాలా? గైడ్‌కి ఏం చెప్పాలి? ఆమె గురించి ఏం చెయ్యాలి?" అని అడిగారు.

సమాధానం:

అమ్మా, మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు గానీ చివరిదే ముందు చూద్దాం, ఎందుకంటే మిగతావి ఒక వారం ఆగినా పర్లేదు.

ఆ ఒక్క రికార్డింగ్ ఇప్పుడు ఎక్కడెక్కడ ఉందో చూసుకోండి. ఫారం వెనక సర్వర్లో ఉంటుంది, మీ లాప్‌టాప్‌లో ఉంటుంది, మీరు గైడ్‌తో షేర్ చేసిన ఫోల్డర్ ఏదైనా ఉంటే అందులోనూ ఉంటుంది. షేర్ చేసిన చోటు నుంచి వెంటనే తీసేయండి, పాస్‌వర్డ్ ఉన్న ఒక్క చోట మాత్రం ఉంచండి. ఆమె నంబర్ రీఛార్జి కోసం ఇచ్చింది కాబట్టి మీ దగ్గర ఉంది, కానీ దానికి వాట్సాప్ మెసేజ్ పెట్టొద్దు, ఆ ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో మనకి తెలీదు. "రీఛార్జి గురించి ఫోన్ చేస్తున్నానమ్మా" అని మామూలుగా మొదలుపెట్టండి, ఆమే ఎత్తితే, పక్కన ఎవరూ లేరంటే, అప్పుడు అడగండి, మీరు చెప్పింది విన్నానమ్మా, నేనేమైనా చెయ్యాలనుకుంటున్నారా అని. ఆమె వద్దంటే వద్దు. ఆమెకి తెలీకుండా మీరు కంప్లయింట్ పెడితే మీ మనసు తేలికపడుతుందేమో గానీ రేపు పని పోయేది ఆమెకి, వీధిలో మాట పడేది ఆమె. కావాలంటే మాత్రం దారులున్నాయి. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, జిల్లాలో సఖి వన్ స్టాప్ సెంటర్ ఉంటుంది. పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం కూలి పనివాళ్ళకి కూడా వర్తిస్తుంది, పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట అయినా, కంప్లయింట్ యజమాని మీదే అయినా, జిల్లా స్థాయిలో లోకల్ కమిటీకి ఇవ్వొచ్చు, కమిటీ వివరాలు కలెక్టర్ ఆఫీసులో దొరుకుతాయి. ఇవన్నీ ఆమెకి చెప్పండి, ఏది చెయ్యాలో నిర్ణయం ఆమెకే వదిలేయండి. మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీకి కూడా ఆమె పేరు, నంబర్ లేకుండా, సర్వేలో ఇలాంటి విషయం బయటపడిందని రాసి పెట్టండి, ఇలాంటివి తెలుసుకోవడం వాళ్ళ పనే, అలా రాసి ఉంటే తర్వాత మీకూ అండగా ఉంటుంది.

ఇప్పుడు సర్వే సంగతి. ఆడవాళ్ళు మాట్లాడట్లేదని బాధపడుతున్నారు కదా, లింక్ ఎవరి చేతి మీదుగా వెళ్ళిందో ఒకసారి చూడండి. మేస్త్రి గ్రూప్. అదే గ్రూప్‌లో రేపు ఏ గోడౌన్‌కి రావాలో, ఎంతమంది కావాలో, ఎవరికి పని ఉందో లేదో మేస్త్రి పెడతాడు. ఆ మనిషే "ఈ మేడం అడిగినవాటికి జవాబు చెప్పండి" అని పెడితే, ఆ లింక్ నొక్కి పని చోట ఇబ్బందుల గురించి ఎవరు మాట్లాడతారు చెప్పండి? అది మేస్త్రి వింటాడనే అనుకుంటారు, అలా అనుకోవడంలో తప్పేం లేదు. నలభై మంది మాట్లాడారంటే నాకు అదే ఆశ్చర్యం. ఇక ఆమె, ఎవరి గురించి చెప్పుకుందో ఆ మనిషి పెట్టిన లింక్‌లోనే చెప్పుకుంది, ఎంత విసిగిపోయి ఉంటే అలా చెప్పి ఉంటుందో ఆలోచించండి. అందుకని ఆ పాత లింక్ ఈ రోజే క్లోజ్ చెయ్యండి, ఇంకా తెరిచి ఉందనుకుంటున్నా.

పద్ధతి తప్పా అని అడిగారు. వాయిస్ అడగడం తప్పు కాదు, మంచి ఆలోచన. బయటి దేశాల్లో దీని మీద బాగానే పరిశోధన జరిగింది, స్పెయిన్‌లో మెలనీ రెవిల్లా, మిక్ కూపర్ వాళ్ళు, జర్మనీలో యాన్ కారెమ్ హోనె వాళ్ళు స్మార్ట్‌ఫోన్ సర్వేల్లో టైప్ చేసే జవాబుల్నీ మాట్లాడే జవాబుల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. మాట్లాడినవాళ్ళ జవాబులు పొడుగ్గా ఉంటాయి, కానీ మాట్లాడమనగానే జవాబివ్వకుండా వెళ్ళిపోయేవాళ్ళు కూడా ఎక్కువే. అక్కడ చదువుకున్నవాళ్ళు, సొంత గది, సొంత ఫోన్ ఉన్నవాళ్ళే అలా వెళ్ళిపోతుంటే, ఒకే గదిలో నలుగురుండే ఇంట్లో, మొగుడి ఫోన్ వాడుకునే మనిషి ఇంకెలా మాట్లాడుతుంది? టైప్ చేస్తే పక్కవాళ్ళకి తెలీదు గానీ మాట్లాడితే ఇల్లంతా వింటుంది. మీ ఫారం వాళ్ళని ఒక తెలుగు ప్రశ్న అడిగే ముందు, "ఇక్కడ ఎవరూ వినట్లేదు కదా" అనే ఇంకో ప్రశ్నకి వాళ్ళంతట వాళ్ళే జవాబు చెప్పుకునేలా చేసింది, చాలామందికి ఆ జవాబు "వింటున్నారు" అనే వచ్చింది.

దాని మీద టెక్నికల్ తలనొప్పులు కూడా ఉన్నాయి, ఇవి మీరు గమనించారో లేదో. బ్రౌజర్లో మైక్ వాడాలంటే ముందు పర్మిషన్ అడుగుతుంది, చాలా ఫోన్లలో ఆ డబ్బా ఇంగ్లీష్‌లోనే వస్తుంది, అర్థం కాక "బ్లాక్" నొక్కేస్తే ఆ తర్వాత ఎన్నిసార్లు బటన్ నొక్కినా ఏం రాదు, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మార్చుకోవాలి, అది మనక్కూడా కష్టమే. ఫేస్‌బుక్ లాంటి యాప్‌ల లోపలే తెరుచుకునే బ్రౌజర్లో కొన్నిసార్లు మైక్ అసలు పనిచెయ్యదు. క్రోమ్ ఒక ఫార్మాట్లో రికార్డ్ చేస్తే ఐఫోన్ సఫారీ ఇంకో ఫార్మాట్లో చేస్తుంది, మీ టూల్ రెండూ తీసుకోకపోతే ఖాళీ ఫైల్ వస్తుంది, మీకు వచ్చిన ఖాళీల్లో కొన్ని అవే అయ్యుండొచ్చు. ఫైల్ సైజు కూడా చూసుకోండి. వేవ్ ఫైల్ అయితే సీడీ క్వాలిటీలో మోనో రికార్డింగ్ నిమిషానికి 5 ఎంబీ దాటుతుంది, అదే వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు వాడే ఓపస్ లాంటి కోడెక్ (ఆడియోని కుదించే పద్ధతి) అయితే నిమిషం మాట 200 కేబీ లోపే సరిపోతుంది. డేటా అయిపోయిన ఫోన్లో, సిగ్నల్ అందని గోడౌన్లో ఇది చాలా పెద్ద తేడా. గూగుల్ ఫారమ్స్‌లోకి మారదామనుకుంటే అందులో రికార్డింగ్ బటనే లేదు, ఫైల్ అప్‌లోడ్ ఉంది గానీ దానికి జవాబిచ్చేవాళ్ళు గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవ్వాలి, మీ కూలీలకి అది కుదిరే పని కాదు.

ఇక గైడ్ చెప్పిన టెక్స్ట్ బాక్సుల సంగతి. టైం కలిసొస్తుందని ఆయన ఆలోచన, మీకూ లోపల కొంచెం ఆశగా ఉంది, ఉత్తరంలో కనపడుతోంది. కానీ ఒక్కటి చూడండి. మీ రికార్డింగుల్లో మగమనిషి జవాబు చెప్పాడని మీకు ఎలా తెలిసింది? విన్నారు కాబట్టి తెలిసింది. టెక్స్ట్ బాక్స్ పెడితే ఆ మగమనిషే టైప్ చేస్తాడు, మీ ఎక్సెల్‌లో "స్త్రీ, 38 ఏళ్ళు, కూలి సరిపోతోంది, ఇబ్బందులేం లేవు" అని పడుతుంది, మీరు దాన్ని ఆమె మాట అనుకుని థీసిస్‌లో రాస్తారు. రాయడం రాని మనిషి జవాబు అక్షరాల్లో వచ్చిందంటే ఎవరో రాశారనేగా. కుర్రాళ్ళతో నింపించడం గురించైతే నేను వేరే చెప్పక్కర్లేదు, వాళ్ళు సందు చివర టీ కొట్టు దగ్గర కూర్చుని కూడా నింపేయగలరు. గొంతులో టీవీ మోతా, "ఏందే అది" అని వెనకనుంచి అడిగే అత్తగారూ, మధ్యలో ఆగిపోయిన మాటా అన్నీ ఉంటాయి. మీరు వాటిని చెత్త అనుకుంటున్నారు గానీ మీ టాపిక్‌కి అవే అసలైన సమాచారం.

కాబట్టి ఆ నలభై రికార్డింగుల్లో ఒక్కటి కూడా పనికిరాదని పారెయ్యొద్దు. ఒక కాలమ్ పెట్టి ప్రతిదానికీ రాయండి, ఎవరు మాట్లాడారు, మధ్యలో ఎవరు అందుకున్నారు, ఏ ప్రశ్న దగ్గర ఆగింది. నా అనుమానం ఏంటంటే కూలి, దగ్గు, చేతుల మంట గురించి బాగానే మాట్లాడి ఉంటారు, పని చోట ఇబ్బందుల ప్రశ్న దగ్గరే ఎక్కువ ఆగి ఉంటాయి. అలా వస్తే అది థీసిస్‌లో ఒక చాప్టర్‌కి సరిపడే విషయం. మగవాళ్ళు చెప్పిన జవాబుల్ని మాత్రం ఆడవాళ్ళ లెక్కలో కలపొద్దు, విడిగా చూపించండి.

ఇక ముందుకెళ్ళడానికి దారులు. నాకు కనపడినవి చెప్తా, దేనికి ఏం ఖర్చవుతుందో కూడా చెప్తా, మీ టైం మీకు తెలుసు కాబట్టి ఎంచుకునేది మీరే.

మొదటిది, ఆన్‌లైన్లోనే ఉండటం, కానీ ఫారం మార్చడం. 5 వాయిస్ ప్రశ్నలు చాలా ఎక్కువ. నొక్కితే సరిపోయే వాటిని నొక్కేవిగానే పెట్టండి, రోజు కూలి ఎంత, ఎన్ని గంటలు, దగ్గు ఉందా, మాస్క్ ఇస్తారా, వీటికి గొంతు ఎందుకు? మాట్లాడాల్సింది ఒక్కటో రెండో ఉంచండి, వాటికి కూడా "మాట్లాడతాను, నొక్కుతాను, ఇది వదిలేస్తాను" అని మూడూ ఉండాలి. ప్రశ్న చదవలేరు కాబట్టి ప్రశ్నని మీ గొంతుతోనే రికార్డ్ చేసి పెట్టండి, పుస్తకం భాష వద్దు, మీరు మీ అమ్మతో మాట్లాడినట్టు అడగండి. మొదట్లో ఒక ఉత్తుత్తి ప్రశ్న ఉండాలి, "ఈరోజు ఏం కూర వండారు" లాంటిది, మైక్ పనిచేస్తుందో లేదో అక్కడే తేలుతుంది, బెరుకూ కొంచెం పోతుంది. పంపే ముందు తన మాట తనే విని, నచ్చకపోతే చెరిపేసే వీలు ఉండాలి. లింక్ మేస్త్రి ద్వారా కాకుండా ఒకరి నుంచి ఒకరికి వెళ్ళాలి, ఇప్పటికే మాట్లాడినవాళ్ళలో ఇష్టపడినవాళ్ళు తమ తోటివాళ్ళకి చెప్తారు. దీనివల్ల వచ్చే నష్టం ఏంటంటే సొంత స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ళే వస్తారు, వయసు తక్కువ ఉన్నవాళ్ళు, కాస్త చదువుకున్నవాళ్ళు ఎక్కువైపోతారు, అరవై ఏళ్ళ మనిషి రాదు. అది థీసిస్‌లో ఒప్పుకుని రాయాలి.

రెండోది, మామూలు ఫోన్ కాల్. ఇది మన దేశంలో బాగా నడిచిన దారి. గుజరాత్‌లో ఆవాజ్ ఒటలో అనే ఫోన్ సేవకి రైతులు ఫోన్ చేసి గొంతుతోనే ప్రశ్న రికార్డ్ చేసేవాళ్ళు, జవాబులు కూడా అలాగే వినేవాళ్ళు, ఛత్తీస్‌గఢ్ వైపు సీజీనెట్ స్వర 2010లో మొదలైంది, ఇంటర్నెట్ లేని ఊళ్ళ నుంచి మనుషులు ఫోన్లో తమ వార్తలు తామే చెప్పారు. బటన్ల ఫోన్ చాలు, చదువు అక్కర్లేదు. మీరు అంత పెద్ద సిస్టమ్ పెట్టలేరు, అక్కర్లేదు కూడా. వాళ్ళు మిస్డ్ కాల్ ఇస్తే వాళ్ళకి వీలైన టైంలో మీరు తిరిగి చేసి, రికార్డ్ చేసుకోవచ్చా అని అడిగి, సరే అంటేనే చెయ్యండి. మంచి ఏంటంటే వాళ్ళు ఎక్కడ నిలబడి మాట్లాడాలో వాళ్ళే ఎంచుకుంటారు, డాబా మీదకెళ్ళో, నీళ్ళ కుళాయి దగ్గరో. కష్టం ఏంటంటే అవతల మీరు ఉంటారు, మనిషి వింటుంటే కొన్ని చెప్పరు, కొన్ని మీకు నచ్చేలా చెప్తారు, పైగా ఇది ఆన్‌లైన్ సర్వే కాదు కాబట్టి మెథడాలజీ చాప్టర్ మార్చి ఎథిక్స్ కమిటీ దగ్గర మళ్ళీ అనుమతి తెచ్చుకోవాలి.

మూడోది, మీరే వెళ్ళడం. కోబో టూల్‌బాక్స్, ఓడీకే అని సర్వేలు చేసుకునే టూల్స్ ఉన్నాయి, ఈ రెండిట్లోనూ ఆండ్రాయిడ్ యాప్‌లో ఆడియో ప్రశ్న ఉంటుంది, నెట్ లేకపోయినా ఫోన్లోనే రికార్డై ఉండి, సిగ్నల్ వచ్చాక పంపుకోవచ్చు. యార్డు దగ్గర వద్దు, గోడౌన్ గేటు దగ్గర అసలొద్దు, వాళ్ళు ఉండే చోటుకి వెళ్ళండి, డ్వాక్రా సంఘం లీడర్ లాంటి ఒక ఆడమనిషి పరిచయంతో. కష్టమైన ప్రశ్నకి మాత్రం ఇయర్‌ఫోన్స్ ఇచ్చి, ప్రశ్న వాళ్ళ చెవిలోనే వినపడేలా చేసి, స్క్రీన్ మీద బొమ్మ నొక్కమనండి. ఇలా చెవిలో విని చేత్తో జవాబు చెప్పే పద్ధతి సర్వేల్లో చాలా ఏళ్ళుగా ఉంది, పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా ప్రశ్న ఏంటో తెలీదు, జవాబు ఏంటో తెలీదు. తర్వాత దాని గురించి మాట్లాడాలనుకున్నవాళ్ళు మాట్లాడతారు. దీనికి టైం ఎక్కువ పడుతుంది, పాపని ఎవరి దగ్గరో ఉంచి వెళ్ళాలి, ఎండలు కూడా. సీజన్ జోరులో వాళ్ళకి తీరిక ఉండదు, యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు కొంచెం దొరుకుతారు, కోల్డ్ స్టోరేజీల పని మాత్రం అప్పుడూ నడుస్తుంది. నన్నడిగితే మొదటిదీ మూడోదీ కలిపి చేస్తే బాగుంటుందనిపిస్తోంది, మూడొందల మంది అక్కర్లేదు, అరవై డెబ్బై మంది నిజంగా వాళ్ళ నోటితో వాళ్ళు చెప్పినవి దొరికితే థీసిస్ నిలబడుతుంది. కానీ ఫెలోషిప్ ఎప్పటితో అయిపోతుందో, ఇంట్లో ఎంత సాయం ఉంటుందో మీరు రాయలేదు, దాన్ని బట్టి చూసుకోండి.

గైడ్ చెప్పిన కంపెనీ సంగతి దగ్గర మాత్రం నేను కొంచెం గట్టిగా చెప్తా. మీరు వాళ్ళని ఏమని అడిగారు? "నా చదువు కోసం మీ మాట కావాలి" అని. దానికి వాళ్ళు సరే అన్నారు. ఒక కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌కి నేర్పించుకోవడానికి వాళ్ళ గొంతు వాడుకోవడం వేరే పని, దానికి ఎవరూ సరే అనలేదు. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం చెప్పేది కూడా ఇదే, ఏ పనికని చెప్పి తీసుకున్నామో ఆ పనికే వాడాలి, నోటీసు తెలుగులో కావాలంటే తెలుగులో ఇవ్వాలి, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. దాని రూల్స్ 2025 నవంబర్లో వచ్చాయి, కొన్ని భాగాలు విడతలవారీగా అమల్లోకి వస్తున్నాయి. పరిశోధనకి ఆ చట్టంలో కొంత మినహాయింపు ఉంది, అది మీ థీసిస్‌కి, అంతే గానీ ఎవరో తయారుచేసుకునే ప్రోగ్రాంకి కాదు. పేర్లు తీసేసి ఇద్దాం అంటారేమో. పేరు తీసేసినా గొంతు ఉంటుంది కదా. గొంతు సన్నగానో లావుగానో మార్చినా, ఏ గోడౌన్, ఏ ఊరి ముఠా, ఎంతమంది పిల్లలు, ఇవన్నీ మాటల్లోనే ఉంటాయి, ఆ మేస్త్రి వింటే రెండు వాక్యాల్లో మనిషిని చెప్పేస్తాడు.

ఆ ఫ్రీ ట్రాన్స్‌క్రిప్షన్ మీకు నిజంగా అవసరమా అని లెక్క వేసి చూశా. నలభై మంది, 5 ప్రశ్నలు, ఒక్కోటి సగటున 40 సెకన్లు అనుకుందాం, అన్నీ కలిపితే రెండుంపావు గంటల ఆడియో. గంట ఆడియో చేత్తో రాయడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుందని ఈ పని చేసేవాళ్ళు చెప్తారు, అంటే మీకు రెండు రోజుల పని. దీనికోసం ఇంతమంది గొంతులు ఎవరికో ఇచ్చేయాలా? తర్వాత ఇంకా ఎక్కువ వస్తే, మాటని అక్షరాల్లోకి మార్చే, మీ కంప్యూటర్లోనే నడిచే ఓపెన్ మోడల్స్ ఉన్నాయి. ఓపెన్‌ఏఐ 2022లో వదిలిన విస్పర్‌కి తెలుగు వచ్చు, ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్ళు భారతీయ భాషల కోసమే చేసిన మోడల్స్ కూడా దొరుకుతాయి, మీ డిపార్ట్‌మెంట్లో కంప్యూటర్ సైన్స్ తెలిసినవాళ్ళెవరైనా ఒక పూటలో పెట్టిస్తారు, ఆడియో బయటికి పోదు. అయితే వాటిని నమ్మి వదిలెయ్యొద్దు, గుంటూరు పల్లెల మాట, వెనక ఫ్యాను మోత, నోటికి గుడ్డ కట్టుకుని మాట్లాడే మాట, ఇవన్నీ కలిస్తే మిషన్ ఏదేదో రాస్తుంది. మొదటి ముసాయిదాకి వాడుకుని ప్రతిదీ మీరు విని దిద్దండి.

గైడ్‌కి ఎలా చెప్పాలంటే, ఎదురుగా నిలబడి "ఇవ్వను సార్" అంటే గొడవే, నాకు తెలుసు, సంతకం ఆయన చేతిలో ఉంది. ఒక మెయిల్ పెట్టండి, మర్యాదగా. ఆ కంపెనీకి ఆడియో ఇవ్వాలంటే పాల్గొన్నవాళ్ళ దగ్గర మళ్ళీ కన్సెంట్ తీసుకోవాలి, ఎథిక్స్ కమిటీకి సవరణ పెట్టాలి, అది మీరు సూచిస్తే ఆ కాగితాలు తయారుచేస్తాను సార్, ఈలోపు ట్రాన్స్‌క్రిప్షన్ నేనే పూర్తి చేస్తున్నాను అని. చాలావరకు విషయం అక్కడే ఆగిపోతుంది, కాగితం మీదకి వచ్చేసరికి ఎవరూ తొందరపడరు. ఆయన నిజంగా ఆ కంపెనీకి సాయం చెయ్యాలనుకుంటే, ఆడవాళ్ళని విడిగా అడిగి, దేనికో వివరంగా చెప్పి, వాళ్ళ గొంతుకి డబ్బులిచ్చి, ఒప్పుకున్నవాళ్ళతో వేరే వాక్యాలు చదివించో మాట్లాడించో రికార్డ్ చేసుకోవచ్చు, అందులో తప్పు లేదు, కానీ అది మీ థీసిస్ పని కాదు. ఆయన అప్పటికీ ఒప్పుకోక ఒత్తిడి చేస్తే మీ రిసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉంది, 2022 యూజీసీ రెగ్యులేషన్స్ ప్రకారం ప్రతి స్కాలర్‌కీ ఉండాలి, సెమిస్టర్ రివ్యూలో మెథడాలజీ మార్పు కింద ఈ విషయం పెట్టండి, ఫిర్యాదులా కాకుండా సలహా అడిగినట్టు. అలా పెడితే గైడ్ కొన్నాళ్ళు ముభావంగా ఉండొచ్చు, అది భరించాల్సి వస్తుంది. ఇచ్చేస్తే ఆయన సంతోషిస్తారు, మీరు మాత్రం ఆ ఆడవాళ్ళ ఎదుటికి మళ్ళీ వెళ్ళలేరు. రెండిట్లో ఏది భరించగలరో మీకే తెలుస్తుంది.

మీ షీట్ ఒకసారి తెరవండి. ఫోన్ నంబర్, వాయిస్ ఫైల్ లింక్ ఒకే వరసలో ఉన్నాయి కదా? రీఛార్జి ఇచ్చేయగానే నంబర్లు వేరే ఫైల్లోకి మార్చి, దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టండి. వాయిస్ ఫైళ్ళకి నంబర్ బదులు ఒక కోడ్ ఇవ్వండి. ట్రాన్స్‌క్రిప్షన్ అయి, వైవా పూర్తయ్యాక ఆడియో ఎప్పుడు చెరిపేస్తారో తేదీ ముందే రాసుకుని, కన్సెంట్ మాటలో అది కూడా చెప్పండి, ఎప్పుడైనా నా రికార్డింగ్ తీసెయ్యమని చెప్పొచ్చు అని ఒక నంబర్ ఇవ్వండి. కొత్త ఫారంలో 18 ఏళ్ళ లోపు పిల్లలు రాకుండా వయసు ముందే అడగండి, తొడిమలు తీసే పనికి సెలవుల్లో ఆడపిల్లలు కూడా వస్తారు, వాళ్ళ గొంతు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి, వేరే నియమాలు ఉన్నాయి.

చివరగా మీ ఆయన మాట. మీరు ఆయన మీద కొంచెం విసుగ్గా రాశారు గానీ ఆయన అడిగింది సరైన ప్రశ్నే, అడిగిన తీరు మాత్రం మిమ్మల్ని నొప్పించింది. ఊళ్ళోవాళ్ళ మాటలు ఇంట్లో అందరూ తీసే ఫోన్లో ఉండకూడదు. పాప ఆడుకుంటూ ఏదో నొక్కితే వినపడుతుంది, ఫోన్ బ్యాకప్‌తో పాటు ఎక్కడికో కాపీ అవుతుంది. ఫోన్లో ఉన్నవన్నీ లాప్‌టాప్‌లోకి, పాస్‌వర్డ్ ఉన్న ఫోల్డర్లోకి మార్చి, ఫోన్లోంచి, బ్యాకప్‌లోంచి తీసేయండి. తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి ఎథిక్స్ కమిటీ ఇచ్చిన అనుమతి లెటర్, కన్సెంట్ కాగితం చూపించండి, వాళ్ళ ఇష్టంతో, యూనివర్సిటీ అనుమతితో తీసుకున్న రికార్డింగ్ ఇదీ అని చెప్పండి. ఏ ఆడమనిషి ఏం చెప్పిందో మాత్రం ఆయనకి కూడా చెప్పకండి, వినిపించకండి, ముఖ్యంగా ఆ ఒక్కటి. ఆయన అడిగితే, అది చెప్పకూడదని నేను వాళ్ళకి మాటిచ్చాను అనండి చాలు.